కాలిన అంచులు

"అయిందా, లేక లోపల ధ్యానానికి కూర్చున్నావా?"

మూత్రశాల తలుపవతల నుంచి మాధవ దేశపాండే గొంతు. శివలింగప్ప కిత్తూర్ జవాబివ్వలేదు. అరవై నాలుగేళ్ల మనిషి ఆ పనిమీద నిలబడ్డప్పుడు కబుర్లు చెప్పడం కుదరదు. కొళాయి కొంచెం తిప్పి, నీళ్ల చప్పుడు వింటూ, దారపు పోగంత సన్నగా వస్తున్నదాన్ని ఓపిగ్గా సాగనంపాడు. లోపల ఇంకా మిగిలే ఉందని తెలుసు. ఏడాదిగా ఇదే వరస. అందుకే రేపు పొద్దున ఆపరేషన్ పెట్టించుకున్నాడు.

బయటికొచ్చేసరికి దేశపాండే గోడకానుకుని మీసం దువ్వుకుంటున్నాడు. ఇద్దరూ ముప్పై ఏళ్లపాటు ఒకే పోలీసు శాఖలో ఒకరి ప్రమోషన్‌కి ఒకరు అడ్డంపడుతూ గడిపినవాళ్లే. రిటైరయ్యాక కిత్తూర్ ధార్వాడలోనే సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. దేశపాండే ఈ వైద్య పరిశోధన సంస్థలో విజిలెన్స్ అధికారిగా కుర్చీ సంపాదించాడు.

"పొద్దుట్నించి ఎన్నోసారి ఇది? నిన్ను నమ్ముకున్న ఆ పిల్లని చూస్తే నాకే జాలేస్తోంది," అన్నాడు దేశపాండే.

"నాకన్నా రెండేళ్లు పెద్దవాడివి. నీకీ బాధ లేదూ?"

"నాకా? మనది రాయి లాంటి ఒళ్లయ్యా. ఒక్కసారి కూర్చున్నానంటే కదలను."

కిత్తూర్ ఏదో అనబోయి గట్టిగా తుమ్మాడు. నిన్నటి నుంచి జలుబు వదలడం లేదు. రెండో తుమ్ముకి వరండా చివర నుంచి ఎవరో నవ్వుతూ వచ్చారు. తెల్లకోటు, నిగనిగలాడే బూట్లు, చేతిలో కళ్లజోడు. డాక్టర్ శ్రీకర జాలిహాళ్. రేపు కిత్తూర్‌కి ఆపరేషన్ చేయబోయేది ఆయనే. ఆయన పేరుమీద అమ్ముడుపోతున్న ప్రోస్టేట్ మాత్ర హుబ్బళ్లి, ధార్వాడల్లో ప్రతి మందుల షాపులోనూ ఉంటుంది.

"కిత్తూర్ సాహేబ్, ఈ జలుబుతో వస్తే మత్తుడాక్టరు మిమ్మల్ని వెనక్కి పంపేస్తాడు," అంటూ జేబులోంచి మాత్రల పట్టీ తీసి చేతిలో పెట్టాడు. "ఇప్పుడు రెండు, భోజనమయ్యాక రెండు వేసుకోండి. నీళ్లు దండిగా తాగండి. రేపటికి ఒళ్లెండిపోకూడదు."

"డబ్బులెంత..."

"పేషెంటు దగ్గర మాత్రలకి డబ్బులా? భలేవారే." భుజం తట్టి వెళ్లిపోయాడు. ఇంత పెద్ద డాక్టరు తన తుమ్ములు కూడా పట్టించుకున్నందుకు కిత్తూర్‌కి ముచ్చటేసింది. అక్కడికక్కడే రెండు మాత్రలు నోట్లో వేసుకుని, పక్కనున్న కూజాలోంచి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

"నాలుగింటికి కమిటీ," గుర్తుచేశాడు దేశపాండే. "ఆ పిల్ల తరఫున విచారించుకోమని డైరెక్టరు నీకిచ్చిన గడువు అంతవరకే. ఆ తర్వాత అన్నపూర్ణ బెళవడి అనే పేరు ఈ సంస్థ గోడలమీద కూడా ఉండదు."

---

అన్నపూర్ణ క్యాంటీన్ వెనక బెంచీమీద కూర్చుని ఉంది. ముందు పెట్టిన గిర్మిట్ పళ్లెం ముట్టలేదు. బొరుగులు మెత్తబడిపోయాయి. కిత్తూర్‌తో ఒకే బెంచీలో చదివిన కల్లప్ప కూతురు. ఆరేళ్లుగా ఇక్కడ పరిశోధన చేస్తోంది. కమిటీ ఈ సాయంత్రం ఆమెని దొంగలెక్కలు రాసిందని తేల్చి బయటికి పంపడానికి సిద్ధంగా ఉంది. ఆ ముద్ర ఒక్కసారి పడితే దేశంలో ఏ ప్రయోగశాలా ఆమెని గుమ్మం ఎక్కనివ్వదు.

"మొదట్నించి చెప్పు తల్లీ. నేను పోలీసోణ్ని. డాక్టర్ని కాదు. నువ్వు కొలిచిందేమిటి?"

"కాకా, ప్రోస్టేట్‌లో రెండు రకాల కణాలుంటాయి. స్రావం తయారుచేసే గ్రంథి కణాలు, వాటిని పట్టుకునుండే కండ కణాలు. ఈ కండ కణాలు కొన్ని ప్రోటీన్లు వదులుతాయి. అవి పక్క కణం దగ్గరికెళ్లి, నువ్వు రెండవ్వు అని చెప్తాయి. గ్రోత్ ఫ్యాక్టర్లంటే అవే."

కిత్తూర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. తన ఒంట్లో ఏడాదిగా రాజ్యమేలుతున్నవాళ్ల పేరు ఇప్పుడే వింటున్నాడు. "పసిపిల్లల్లో అయితే సరే. ఈ వయసులో పెరగమని ఎవడు చెప్పాడు వాటికి?"

"అదే నా ఆరేళ్ల ప్రశ్న!" పొద్దుట్నించి మొదటిసారి ఆమె మొహం వెలిగింది. "ఇక చాలు, ఆగు అని చెప్పే ప్రోటీన్ కూడా ఉంటుంది కాకా. కుర్రతనంలో ఇద్దరి మాటా సమానంగా చెల్లుతుంది. వయసు మళ్లేకొద్దీ పెరుగు అనేవాళ్ల గొంతే పెద్దదైపోతుంది."

"అంటే క్యాన్సరే కదా?"

"అబ్బే, కాదు. క్యాన్సర్ పక్కిళ్లలోకి కూడా దూరుతుంది. ఇది ఉన్నచోటే లావెక్కి, మధ్యలోంచి పోయే మూత్రనాళాన్ని నొక్కేస్తుంది, అంతే."

"అంతే అంటావా? నన్నడుగు!"

ఆమె నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. "నేను కొలిచింది ఎఫ్‌జీఎఫ్-2 అనే ప్రోటీన్. మామూలు ప్రోస్టేట్‌లో కన్నా పెరిగినదాంట్లో రెండు మూడు రెట్లుంటుంది. జాలిహాళ్ సర్ మాత్ర వాడితే అది మాయమైపోతుందని ఆయన వ్యాసం రాశారు. మాత్ర అమ్ముడయ్యేదే ఆ వ్యాసంతో. నేను ఆ మాత్ర ఏడాదిగా మింగుతున్న పన్నెండుమంది ప్రోస్టేట్ ముక్కలు తెచ్చి కొలిచాను. ప్రోటీన్ చెక్కుచెదరలేదు. నమ్మలేక మళ్లీ కొలిచాను. అంతే ఉంది. ఆ మాట చెప్పినందుకే కమిటీ వేశారు."

"కమిటీలో ఎవరెవరున్నారు?"

"డైరెక్టరు, బయటినుంచి ఇద్దరు ప్రొఫెసర్లు. జాలిహాళ్ సర్."

"మరి తిరిగి పరీక్ష చేయించారట కదా?"

"నేను కొలవగా మిగిలిన ముక్కలు పన్నెండు సీసాల్లో ఫ్రీజర్‌లో ఉన్నాయి. పోయిన సోమవారం అన్నింటికీ దేశపాండే సర్ సీలేశారు. ఆరు బయటి ప్రయోగశాలకి పంపారు. వాళ్లు నూరి చూసి, ఎఫ్‌జీఎఫ్-2 ఆనవాలే లేదని రాశారు. కాకా, మీ మీద ఒట్టు. నేను కొలిచినప్పుడు ఉంది!"

"ఆ ముక్కలు ఎక్కణ్నించి తెచ్చావు?"

"పాత మిషన్ ఆస్పత్రి నుంచి. అక్కడి ముసలి డాక్టరుగారు పొట్ట కోసి, వేలితో గ్రంథి మొత్తం ఒలిచి తీస్తారు. బాగా పెద్దదయ్యేదాకా ఓర్చుకుని వచ్చే రైతులే కదా ఆయన దగ్గరికొచ్చేది. గ్రంథి ఆయన చేతిలోకి రాగానే నేను చిన్న ముక్కలు కోసి గడ్డకట్టించేస్తాను. ఈ ప్రోటీన్ సుకుమారం కాకా. కాస్త వేడి తగిలితే చచ్చిపోతుంది."

"సోమవారం సీలేసేటప్పుడు నువ్వెక్కడున్నావు?"

"వరండాలో. నిందపడ్డ మనిషి సాక్ష్యం దగ్గరికి రాకూడదన్నారు. ఆ తర్వాత ఆ సీసాలు నేను కళ్లతో చూడలేదు."

కిత్తూర్ లేచాడు. పళ్లెం ఆమెవైపు జరిపి, "తిను. ఆకలితో ఉన్నవాళ్లని కమిటీలు తేలిగ్గా మింగేస్తాయి," అన్నాడు. దారిలో మళ్లీ మూత్రశాలకి వెళ్లాడు. ఈసారి నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. చలిగాలికి బిగుసుకుందేమో అనుకుని, క్యాంటీన్‌లో జొన్నరొట్టె తిని, మిగతా రెండు మాత్రలూ మింగి, చెప్పినట్టే దండిగా నీళ్లు తాగాడు.

---

ఫ్రీజరున్న గది ఊటీ కన్నా చల్లగా ఉంది. దేశపాండే గుడ్డచుట్టిన పొట్లం బల్లమీద పెట్టాడు. ముడిమీద లక్క, లక్కమీద ముద్ర. ఎక్కడా బీట లేదు.

"నా ముద్రే. చూసుకో. భూతద్దం కావాలా?" అన్నాడు.

"వద్దు. నీ ముద్ర మీద నాకు నమ్మకముంది. ముద్ర పడకముందు సంగతి చెప్పు."

"సోమవారం భోజనాలయ్యాక మొదలెట్టాం. నేనూ, కమిటీ తరపున జాలిహాళ్ డాక్టరూ. ప్రతి సీసా తూచి, మూతమీది నంబరు చదివి, పొట్లం కట్టి, లక్క పోసేసరికి రెండు గంటలు దాటింది. పెట్టె నా కళ్లముందు నుంచి ఒక్క క్షణం కదల్లేదు."

"ఒక్క క్షణం కూడా?"

"ఒక్క క్షణం కూడా. రాసుకో."

కిత్తూర్ రాసుకోలేదు. దేశపాండే లక్క పగలగొట్టి, పొగలుగక్కే మంచుపలకల మీద ఆరు సీసాలూ నిలబెట్టాడు. చిటికెనవేలంత సీసాలు. నీలం మూతలమీద అన్నపూర్ణ గుండ్రటి అక్షరాల్లో నంబర్లు. కిత్తూర్ చేతితొడుగు వేసుకుని ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టాడు. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూశాడు. తర్వాత రెండోది, మూడోది.

"ఏముంది అందులో? మాంసం ముక్కలు," అన్నాడు దేశపాండే.

"అవును, ముక్కలే. ఎలాంటి ముక్కలు?"

సన్నగా, పొడుగ్గా, చివర్లు వంకరతిరిగి, గీకిన కొబ్బరి పలుకుల్లా ఉన్నాయి. ఒక్కో పలుకు అంచూ గోధుమరంగుకి తిరిగింది. ఇలాంటివి తను ఎక్కడో చూశాడు. ఎక్కడ? ఎప్పుడు?

మొన్న! జాలిహాళ్ గదిలో. రేపటి ఆపరేషన్ గురించి భయపడుతుంటే, డాక్టరు నవ్వి, ఎవరో పేషెంటు బంధువులకి చూపించడానికి ఉంచిన గాజుసీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. కోత లేదు, కుట్టు లేదు సాహేబ్, మూత్రం దారినే లోపలికెళ్లి, కరెంటుతో ఎర్రగా కాలే తీగతో పలుకు పలుకుగా గీకేస్తానని చెప్పాడు. ఆ సీసా అడుగున ఇవే పలుకులు. ఇదే కాలిన అంచు.

ఆపరేషన్లో తీసినదాన్ని ఇంటివాళ్లకి చూపించడం ఈ ప్రాంతంలో ఏ డాక్టరూ తప్పించుకోలేని మర్యాద. చూపించకపోతే, అసలేమైనా తీశాడా లేక ఊరికే కోసి కుట్టాడా అని ఊరంతా గుసగుసలాడుతుంది. రెండేళ్ల కింద మిషన్ ఆస్పత్రిలో చిన్నాన్న కొడుకు విరూపాక్షికి ఆపరేషన్ అయినప్పుడు, ముసలి డాక్టరు స్టీలు పళ్లెంలో పెట్టి తెచ్చి చూపించింది కిత్తూర్‌కే. రెండు బంగాళాదుంపలు అతుక్కున్నట్టు నున్నగా, నిండుగా ఉన్న గడ్డ. విరూపాక్షి భార్య దానికి దండంపెట్టింది కూడా.

"మాధవా, ఆ అమ్మాయిని లోపలికి పిలువు," అన్నాడు కిత్తూర్.

"కుదరదు. నిందితురాలు సాక్ష్యం దగ్గరికి..."

"అయితే గుమ్మం అవతలే ఉండనీ. ఒకే ఒక్క ప్రశ్న."

దేశపాండే సణుగుతూ తలుపు తీశాడు. వరండాలో అన్నపూర్ణ నిలబడి ఉంది.

"తల్లీ, నువ్వు దాచిన ముక్కలెలా ఉంటాయి?"

"నలుచదరంగా ఉంటాయి కాకా, చిక్కుడుగింజంత. పదునైన బ్లేడుతో కోస్తాను. లోపల తెల్లగా, అంచులు శుభ్రంగా ఉంటాయి. ఎందుకు?"

కిత్తూర్ సీసా పైకెత్తి చూపించాడు. గుమ్మం అవతల నుంచే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అవి నావి కావు! అవి తీగతో గీకినవి! కాలిపోయిన ముక్కలు!" ఒక్కసారిగా ఆగింది. "కాకా... ఆయన వ్యాసంలో మాత్ర వేసుకున్నవాళ్లందరికీ ఆపరేషన్ చేసింది ఆయనే, కరెంటు తీగతోనే. మాత్ర వేసుకోనివాళ్ల ముక్కలు మిషన్ ఆస్పత్రి పాత నిల్వలోంచి తీసుకున్నారు. ప్రోటీన్‌ని మాయం చేసింది మాత్ర కాదు. వేడి!"

ఊళ్లోని ముసలాళ్లంతా పూటపూటా మింగుతున్న ఆ మాత్ర తనకీ రాసిచ్చారని కిత్తూర్‌కి గుర్తొచ్చింది. నాలుగు నెలలు మింగాడు. పైగా పనిచేస్తోందని నలుగురికి చెప్పాడు కూడా.

"బాగుంది కథ," అన్నాడు దేశపాండే, తలుపు మూసేసి. "పెద్ద డాక్టరు తప్పులెక్క కట్టాడు, ఒప్పుకుంటాను. కానీ ముక్కలు మారాయంటే మార్చిందెవరు? ఫ్రీజరు తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆ పిల్ల దగ్గర! తన లెక్క తప్పని తెలిసి, సీలు పడేలోపు పనికిరాని ముక్కలు పెట్టేసింది. తర్వాత మీవల్లే పాడయ్యాయని ఏడవొచ్చుగా. నా దగ్గర ఈ పప్పులుడకవు, కిత్తూర్."

"ఏదీ, ఈ మూత తిప్పి చూడు."

"ఎందుకు?"

"తిప్పు స్వామీ, అరిగిపోవు."

దేశపాండే మూత తిప్పాడు. సగం తిరిగి బిగుసుకుపోయింది. ఇంకోటి కూడా అంతే. అన్ని మూతలూ సీసాలమీద కొంచెం పక్కకి ఒరిగి కూర్చున్నాయి.

"మూతలు ఒక కంపెనీవి, సీసాలు ఒక కంపెనీవి," అన్నాడు కిత్తూర్. "అన్నపూర్ణ చేసిన పొరపాటు ఒక్కటే. నంబరు సీసా ఒంటిమీద రాయకుండా మూతమీద రాసింది. ఎవరో తమ సీసాలు తెచ్చి, ఆమె మూతలు ఊడదీసి వాటికి బిగించారు. ఇప్పుడు చెప్పు. ఆమే మార్చి ఉంటే మూతలతో ఆమెకేం పని? కొత్త మూతల మీద కొత్తగా రాసుకునేది. చేతిరాత ఆమెదే కదా! మూతలు కావాల్సింది ఆ రాత రాయలేనివాడికి."

దేశపాండే మూడో మూత కూడా తిప్పి చూశాడు.

"నంబర్లు చదివింది నువ్వే. అప్పుడు మూతలు సరిగ్గానే ఉన్నాయా?"

"ఉన్నాయి. ఒకటి వదులుగా ఉంటే నేనే బిగించాను కూడా. సాఫీగా తిరిగింది."

"అంటే నువ్వు చదివిన తర్వాత, లక్క పోయక ముందు. ఆ మధ్యలో మారాయి. గదిలో ఉన్నది మీరిద్దరే."

"అబద్ధం! నేనక్కడే ఉన్నానంటుంటే!" దేశపాండే ఒంటికాలిమీద లేచాడు. "నా ఎదురుగా పన్నెండు మూతలు మారుస్తుంటే గుడ్డివాడిలా చూస్తూ కూర్చున్నానంటావా?"

"అనను. అందుకే అడుగుతున్నా, ఎక్కడికెళ్లావు?"

"ఎక్కడికీ వెళ్లలేదు!"

కిత్తూర్ నింపాదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వణుకు పుడుతున్నా కోటు వేసుకోలేదు. చలిగదుల గురించి, పాత కేసుల గురించి, దేశపాండే బెళగావిలో ఉండగా పట్టుకున్న దొంగ నాణేల ముఠా గురించి కబుర్లు మొదలుపెట్టాడు. దేశపాండే మొదట కులాసాగా విన్నాడు. కాసేపటికి కాలు మార్చాడు. ఆ తర్వాత రెండు మోకాళ్లూ దగ్గరికి చేర్చాడు. నుదుటిమీద, ఆ చలిలో, చెమట పట్టింది.

"ఆ రోజు ఆ నాణేలు బావిలో పారేశారు చూడూ, నీళ్లు ఎలా చిమ్మాయంటే..."

"నీ పుణ్యముంటుంది, ఆపవయ్యా!" దేశపాండే తలుపు తోసుకుని పరుగెత్తాడు.

తిరిగొచ్చినప్పుడు మీసం కూడా వాలిపోయినట్టుంది. కిత్తూర్ నవ్వలేదు. నవ్వాలని ఎంతో ఉన్నా ఆపుకున్నాడు.

"మన వయసువాడు ఈ గదిలో రెండు గంటలు కదలకుండా కూర్చున్నానంటే, భార్య నమ్ముతుందేమోగాని నేను నమ్మను మాధవా. ఎంతసేపు?"

దేశపాండే నీళ్లు నమిలాడు. "పావుగంట... నాకూ సన్నగానే వస్తుంది. ఒక్కసారి వెళ్తే తేలదు. డాక్టరే అన్నాడు, మీరెళ్లి రండి, పెట్టె నేను చూస్తుంటానని. ఆయన కమిటీ మెంబరు, అంత పెద్దమనిషి. ఆయన్ని అనుమానిస్తానా? తర్వాత నివేదికలో, పెట్టె కళ్లముందే ఉందని రాశాను. ఏమని రాయను? విజిలెన్స్ అధికారి మూత్రానికెళ్లాడనా?"

"ఇప్పుడు నాలుగింటికి అదే చెప్పాలి."

"కమిటీ ముందా? నా ఉద్యోగం పోతుంది! పోనీ అది పోయినా సరే, ఆ మాట... ఊరంతా నవ్వుతుంది కిత్తూర్."

"అక్కడ ఒక ఆడపిల్ల బతుకు పోతోంది. ఊరు నవ్వితే నవ్వనీ."

దేశపాండే తలవంచుకున్నాడు. సీసాలన్నీ తిరిగి పొట్లం కట్టడంలో పడ్డాడు.

---

గదిలోంచి బయటికొస్తూనే కిత్తూర్ పొట్ట పట్టుకున్నాడు. ఇంతసేపూ పనిలో పడి పట్టించుకోలేదు గాని, బొడ్డుకింద రాయి పెట్టినట్టుంది. మూత్రశాలకెళ్లి నిలబడ్డాడు. కొళాయి తిప్పాడు. నీళ్ల చప్పుడు విన్నాడు. గోడకి తల ఆనించి మనసులో బసవణ్ణని తలుచుకున్నాడు. ఒక్క చుక్క రాలేదు. ముక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, రావలసినవి రాలేదు. పొద్దుట్నించి తాగిన నీళ్లన్నీ లోపలే ఉన్నాయి.

యప్పా! ఇదేమిటి? నిన్నటిదాకా సన్నగానైనా వచ్చేది కదా. ఇవాళ కొత్తగా ఏం చేశాడు? జొన్నరొట్టె, గ్లాసులకొద్దీ నీళ్లు, మాత్రలు.

గోడ పట్టుకుని బయటికొచ్చి, జేబులోని ఖాళీ పట్టీ, వరండాలో దేశపాండే పక్కన నిలబడ్డ అన్నపూర్ణ చేతిలో పెట్టాడు. ఆమె వెనక అక్షరాలు చదివింది. మొహం పాలిపోయింది.

"కాకా, ఇది మీకెవరిచ్చారు?"

"జలుబుకని..."

"జలుబు మాత్రే. కానీ ప్రోస్టేట్ పెరిగినవాళ్లు దీన్ని ముట్టకూడదు! మూత్రాశయం మెడ దగ్గర కండ బిగుసుకుపోతుంది. ఇది వేసుకుని, మూత్రం బందై, అర్జంటుగా ఆస్పత్రికొచ్చే ముసలాళ్లని నేనే ఎంతమందిని చూశానో. ఎన్ని వేసుకున్నారు?"

"నాలుగు." కిత్తూర్ ఖాళీ పట్టీని తిరిగి తీసుకుని చూశాడు. "ఇది మూత్రం డాక్టర్లకి తెలీదా?"

"మొదటి ఏడాది పాఠం కాకా."

భుజం తట్టిన చెయ్యి గుర్తొచ్చింది. డబ్బులొద్దన్న నవ్వు గుర్తొచ్చింది. ముచ్చటపడ్డందుకు తనని తానే తన్నుకోవాలనిపించింది. అప్పుడే ఫోను మోగింది.

"కిత్తూర్ సాహేబ్, నేను జాలిహాళ్‌ని." ఆ గొంతులో తేనె. "ఏమైనా ఇబ్బందిగా ఉందా? ఒంటికి రాకపోవడం లాంటిది? కంగారుపడకండి. మీ ఆపరేషన్ ఇవాళే పెట్టేశాను. బల్ల సిద్ధంగా ఉంది. మనుషుల్ని పైకి పంపిస్తున్నాను."

కిత్తూర్ ఫోను పెట్టేసి దేశపాండే వైపు చూశాడు. "జాలిహాళ్ నన్ను ఇవాళే బల్లెక్కిస్తాడట. నాకు ఇబ్బందిగా ఉందని మీకు తప్ప నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు."

దేశపాండేకి అర్థం కావడానికి క్షణం పట్టింది. ముప్పై ఏళ్ల పోలీసు ఉద్యోగం ఊరికే పోలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. "కమిటీ టైముకి నువ్వు మత్తులో ఉంటావు. తర్వాత లేస్తావో లేదో ఆయన చేతిలో ఉంటుంది. పద, నా జీపులో మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్తా."

"ఈ పిల్ల సంగతి ఎవరు చెప్తారు? నాలుగింటిదాకా ఆపుకుంటాను," అన్నాడు కిత్తూర్ పళ్ల బిగువున. "ఆపుకోవడానికేముందిలే, అదే ఆగిపోయిందిగా."

అన్నపూర్ణ ఒకవైపు, దేశపాండే ఒకవైపు పట్టుకుంటే, ముగ్గురూ కమిటీ గదివైపు నడిచారు. అడుగు వేసినప్పుడల్లా కిత్తూర్ పొట్ట చిట్లిపోతుందేమోననిపిస్తోంది. మలుపు తిరిగేసరికి కాళ్లు ఆగిపోయాయి. గది తలుపుకి పదడుగుల ఇవతల చక్రాల కుర్చీ, దాని వెనక ఇద్దరు వార్డుబాయ్‌లు, పక్కన జాలిహాళ్. అప్పుడే లోపలికి వెళ్లబోతున్న డైరెక్టరూ, ఇద్దరు ప్రొఫెసర్లూ, ఫైళ్లు పట్టుకున్న ఆడగుమాస్తాలూ ఆగి చూస్తున్నారు.

"పాపం, పెద్దాయనకి మూత్రం బందైంది," అని డైరెక్టరుతో అంటున్నాడు జాలిహాళ్. "ఈ స్థితిలో మనిషికి తనేం మాట్లాడుతున్నాడో తనకే తెలీదు. రండి సాహేబ్, కూర్చోండి." వార్డుబాయ్‌లు ముందుకొచ్చి కిత్తూర్ రెక్కలు పట్టుకున్నారు. విదిలించుకునే బలం కిత్తూర్‌కి లేదు. నోరు తెరిస్తే మూలుగు తప్ప మాట రాలేదు. అన్నపూర్ణ అడ్డంపడితే, ఆమెని పక్కకి తప్పుకోమని డైరెక్టరే చెయ్యి ఊపాడు.

ఆమె కళ్లు దేశపాండే వైపు తిరిగాయి. కిత్తూర్ కూడా అటే చూశాడు. ముప్పై ఏళ్లలో ఆ మనిషి ఒక్క తప్పు కూడా ఒప్పుకున్నట్టు అతనికి జ్ఞాపకం లేదు.

దేశపాండే మీసం దువ్వుకున్నాడు. చొక్కా సర్దుకుని, వార్డుబాయ్‌ల చేతులు తోసేసి, చక్రాల కుర్చీకి అడ్డంగా నిలబడ్డాడు.

"డైరెక్టరుగారూ," అన్నాడు, వరండా ఆ చివరికి కూడా వినపడేలా. "నా నివేదికలో ఒక అబద్ధముంది. సోమవారం మధ్యాహ్నం ఆ పెట్టెని ఈ డాక్టరుగారికి ఒప్పజెప్పి, నేను పావుగంటసేపు మూత్రానికెళ్లాను."